ముందు నీళ్లను పెంచాలి!

ఆదివారం సాయంత్రం రంగుచేపల దుకాణం ముందు కాసేపు నిలబడితే భలే సందడిగా ఉంటుంది. నాన్న చెయ్యి పట్టుకుని లాగే పిల్లలు, 'ఇది కావాలి... కాదు కాదు, అదిగో అది' అంటూ గాజు మీద వేలు పెట్టి చూపించేవాళ్లు, చిన్న వలతో ఆ చేపనే దొరకబుచ్చుకోవడానికి తంటాలుపడే కుర్రాడు, గాలి నింపి రబ్బరుబ్యాండు బిగించిన పాలిథిన్ సంచులు. అరగంటలో బేరం పూర్తవుతుంది. రెండడుగుల గాజుతొట్టి, రంగురాళ్లు, ప్లాస్టిక్ మొక్క, నోరు తెరిచి బుడగలు వదిలే బొమ్మ, గాలి మోటారు, మేత డబ్బా. వాటితోపాటు తొమ్మిది గోల్డ్‌ఫిష్‌లు... ఎనిమిది బంగారు రంగువి, ఒకటి నల్లది. అది ఫెంగ్‌షూయి లెక్క! ఇంటికి రాగానే తొట్టి కడిగి, కుళాయి నీళ్లు నింపి, చేపల్ని వదిలేస్తారు. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ టీవీ మానేసి దాని ముందే కూర్చుంటారు.

చాలా ఇళ్లలో ఆ సంబరం రెండు వారాలు కూడా నిలవదు. ఒక్కో చేపా పోతూ ఉంటుంది. మళ్లీ దుకాణానికి వెళ్లి ఇంకో నాలుగు తెస్తారు. అవీ పోతాయి. మూడోసారి వెళ్లే ఓపిక ఉండదు. తొట్టి మేడ మీదికి చేరుతుంది, వానాకాలంలో దోమలకు ఇల్లవుతుంది.

ఇంతకీ చేపలు ఎందుకు చచ్చిపోతున్నాయి? దుకాణంవాడు జబ్బు చేపల్ని అంటగట్టాడంటారు ఒకరు. మేత పడలేదంటారు మరొకరు. పెద్దవాళ్ల దగ్గర ఇంకో సమాధానం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. 'ఇంటికి తగలాల్సిన దిష్టి చేప తీసుకుపోయింది' అని. ఏడుస్తున్న పిల్లల్ని ఊరుకోబెట్టడానికి ఇంతకంటే మెత్తని మాట దొరకదు, నిజమే. చిక్కేంటంటే, ఆ మాట విన్నాక అసలు కారణం వెదకాలని ఎవరికీ తోచదు. అయినా తొమ్మిదింటికి తొమ్మిదీ పోతే, అంత దిష్టి ఎవరు పెట్టినట్టు?

విజయవాడలో ఓ బ్యాంకు ఉద్యోగి ఇంట్లో అచ్చం ఇలాగే జరిగింది. మూడో తరగతి చదివే కూతురికి పుట్టినరోజు కానుకగా తెచ్చాడు అక్వేరియం. మూడు రోజులు బాగానే ఉంది. నాలుగో రోజు నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. ఐదో రోజు చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి. ఆకలేమోనని నానమ్మ ఇంకాస్త మేత వేసింది. మర్నాడు పొద్దున చూస్తే రెండు తేలి ఉన్నాయి. తండ్రి కంగారుపడి నీళ్లన్నీ పారబోసి, రాళ్లను కూడా తళతళా తోమి, కొత్త నీళ్లు పెట్టాడు. పదో రోజుకు నల్లది ఒక్కటే మిగిలింది. పన్నెండో రోజున అదీ పోయింది.

'దిష్టి పోయిందిలే తల్లీ' అంది నానమ్మ. పిల్ల నమ్మలేదు. 'మనం ఏం చేశాం నాన్నా?' అని అడిగింది. అడిగి ఊరుకోలేదు, రెండు రోజులు అటువైపు చూడటమే మానేసింది. తండ్రి దగ్గర జవాబు లేదు. చేసినవన్నీ మంచి పనులే కదా... శుభ్రంగా కడిగారు, వేళకు మేత వేశారు, కొత్త నీళ్లు పెట్టారు.

జవాబు భీమవరం వైపు నుంచి వచ్చింది. పిల్ల మేనమామకు అక్కడ చేపల చెరువులున్నాయి. పని మీద బెజవాడ వచ్చి, ఖాళీ తొట్టిని చూసి, జరిగింది విని ఆయన నవ్వేశాడు. 'చెరువుకు నీళ్లు పెట్టిన రోజే ఎవరైనా పిల్లల్ని వదుల్తారా బావగారూ?' అన్నాడు.

మొత్తం సంగతంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. పశ్చిమ గోదావరి, కృష్ణా జిల్లాల్లో ఏ చేపల రైతును అడిగినా చెబుతాడు. చెరువు ఎండగట్టి, సున్నం చల్లి, పేడా ఎరువూ వేసి, నీళ్లు పెట్టి, అవి లేతాకుపచ్చ రంగుకు తిరిగేదాకా ఆగుతారు. ఆ తరవాతే చేపపిల్లలు. అమోనియా ఎంతుందో చూపించుకోవడానికి సీసాలో నీళ్లు పట్టుకుని ల్యాబుకు పరుగెత్తే రైతులు అక్కడ రోజూ కనిపిస్తారు. ఎకరాల చెరువులోనే అంత జాగ్రత్త అవసరమైతే, యాభై లీటర్ల తొట్టి మాటేంటి?

చేప శ్వాసలోంచి, విసర్జనలోంచి వచ్చేది అమోనియా. అందులో ఎక్కువ భాగం మొప్పల గుండానే బయటికి పోతుంది. తినకుండా మిగిలిన మేత కుళ్లినా వచ్చేది అదే. ఏట్లో అయితే కొట్టుకుపోతుంది. గాజుతొట్టిలో ఎక్కడికీ పోదు. చేపలు తమ చుట్టూ తామే విషం నింపుకొంటాయి. అది మొప్పల్ని కాల్చేస్తుంది. ఊపిరాడక పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. చూసేవాళ్లకు అది ఆకలిలా కనిపిస్తుంది. ఇంకాస్త మేత పడుతుంది, ఇంకాస్త అమోనియా పుడుతుంది!

దీనికి విరుగుడు ప్రకృతిలోనే ఉంది. ఒక రకం బ్యాక్టీరియా అమోనియాను తిని నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. నెత్తుట్లో కలిసి దాన్ని గోధుమరంగుకు తిప్పేస్తుంది, ఆక్సిజన్ మోయనివ్వదు. మరో రకం బ్యాక్టీరియా ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ మరీ పేరుకుపోనంతవరకూ చేపలకు పెద్ద ప్రమాదం లేదు. ఈ రెండు రకాల సూక్ష్మజీవులూ రాళ్ల మీదా ఫిల్టరు స్పాంజిలోనూ కాపురం పెట్టి, సరిపడా పెరగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త తొట్టిలో అవి ఉండవు. ఉన్న కాసిన్నీ రాళ్లు తళతళా తోమిన రోజున మురుగుకాలువలోకి పోయాయి. అంటే ఆ ఇంట్లో చేపల్ని చంపింది మురికి కాదు, ఆ తొందరపాటు శుభ్రత. అక్వేరియం గురించి ఒక్కటే విషయం చెప్పమంటే చెప్పాల్సింది ఇదే. ముందు పెంచాల్సింది నీళ్లను, ఆ తరవాత చేపల్ని.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లను, వాలిస్నేరియా అనే నీటిమొక్కను గాజుపాత్రలో కలిపి పెంచి, ఆ సంగతి లండన్‌లోని కెమికల్ సొసైటీకి చెప్పాడు. మొక్క ఆకులు కుళ్లి నీళ్లు పాడవుతుంటే నత్తల్ని తెచ్చి వేశాడు. అప్పుడు కుదిరింది లెక్క. ఆయనకు కనిపించినవి మొక్క, చేప, నత్త. కనిపించకుండా పనిచేసిన బ్యాక్టీరియా ఏమిటో తెలియడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ వాటిని వేరుచేసి చూపించాడు.

మళ్లీ బెజవాడకే వద్దాం. బావమరిది మాట మీద ఆ ఇంట్లో తొట్టిని కిందికి దించారు. ఈసారి దుకాణానికి వెళ్లింది చేపల కోసం కాదు, స్పాంజి ఫిల్టరు కోసం. బుడగలు వదిలే బొమ్మ చూడ్డానికి బాగుంటుంది తప్ప నీళ్లను శుభ్రం చేయదు. గాలి మోటారుకే తగిలించే స్పాంజి ఫిల్టరు పెద్ద ఖరీదేమీ కాదు, కొత్తవాళ్లకు దాన్ని మించింది లేదు. తొట్టిని కిటికీ ఎండ తగలని మూలకు మార్చారు. ఎండ పడితే వారంలో గాజంతా నాచు పడుతుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో నీళ్లే యాభై కిలోలపైన తూగుతాయి. రాళ్లూ గాజూ అదనం. టీవీ బల్ల మీద, పుస్తకాల అరలో పెట్టే వస్తువు కాదది. గట్టి స్టాండు ఉండాలి, తొట్టి కింద థర్మోకోల్ షీటు పరవాలి. లేకపోతే స్టాండు మీది చిన్న ఎగుడుదిగుడుకే అడుగు గాజు పగిలే ప్రమాదం ఉంది.

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. మనల్ని సూక్ష్మజీవుల నుంచి కాపాడేది అదే, తొట్టిలో మనకు కావలసిన సూక్ష్మజీవుల్ని చంపేదీ అదే. బకెట్లో పట్టి ఒక రోజు మూత లేకుండా ఉంచితే చాలావరకు ఎగిరిపోతుంది. ఆగలేనివాళ్లకు దుకాణాల్లో యాంటీక్లోరిన్ మందు దొరుకుతుంది.

ఇక అసలు పరీక్ష. చేపల్లేని తొట్టికి రోజూ చిటికెడు మేత వేయాలి! చూసినవాళ్లు నవ్వారు. ఎదురింటావిడ అయితే 'ఎవరికమ్మా భోజనం?' అని అడిగింది కూడా. ఆ మేత కుళ్లితే వచ్చే అమోనియాతోనే బ్యాక్టీరియా పెరగాలి మరి. ఈ పనిని తండ్రి కూతురికి అప్పగించాడు. టెస్ట్ కిట్ ఒకటి కొనిచ్చాడు. చిన్న గాజుగొట్టంలో నీళ్లు పోసి చుక్కలు వేస్తే రంగు మారుతుంది, అట్ట మీది రంగులతో పోల్చి చూడాలి. వాళ్లు కొన్న కిట్‌లో పసుపు ఉంటే అమోనియా లేనట్టు, ఆకుపచ్చకు తిరిగితే ఉన్నట్టు. పిల్ల పాత నోటుబుక్కులో రోజూ రంగుపెన్సిల్‌తో గడి నింపేది. మొదటి రెండు వారాలూ ఆకుపచ్చ ముదురుతూ పోయింది. మూడో వారంలో ఆకుపచ్చ తగ్గడం మొదలై, నైట్రైట్ గడి ఊదారంగులోకి వచ్చింది. ఐదో వారం చివర ఒక పొద్దున రెండూ మామూలు రంగుకు వచ్చేశాయి. మర్నాడూ అంతే. ఇంకో నాలుగు రోజులు మేత వేసి చూశారు, మారలేదు. 'మన ప్రశ్నకు జవాబు ఈ పుస్తకంలో ఉంది నాన్నా' అందిట. ఎనిమిదేళ్ల పిల్లకు నైట్రోజన్ చక్రం ఏ పాఠ్యపుస్తకమూ ఇంత బాగా చెప్పి ఉండదు.

ఐదు వారాలు ఆగడం కష్టమనేవాళ్లకు దగ్గరదారి ఒకటుంది. ఏళ్ల తరబడి చేపలు బతుకుతున్న అక్వేరియం తెలిసినవాళ్లింట్లో ఉంటే, అందులోంచి గుప్పెడు రాళ్లో వాడిన స్పాంజి ముక్కో తెచ్చి వేసుకోవచ్చు. పాలలో తోడు వేసినట్టన్నమాట. ఆరకుండా ఆ తొట్టి నీళ్లలోనే వేసి తేవాలి. కాకపోతే వాళ్ల చేపలకు ఏ జబ్బూ లేదని ముందు చూసుకోవాలి.

ఏ చేపలు తేవాలన్నది తరవాతి ప్రశ్న. ఇక్కడే కొనేవాళ్లలో ఎక్కువమంది కన్నుతో కొంటారు, నీళ్లతో కొనరు. అపార్టుమెంటు బోరు నీళ్లు ఉప్పదనం, సున్నం ఎక్కువున్నవైతే గప్పీలు, మోలీలు హాయిగా బతుకుతాయి. నియాన్ టెట్రాలకు మెత్తటి నీళ్లు కావాలి. ఎరుపూ నీలం గీతలు చూసి ముచ్చటపడి తెస్తే వాటికి రోజూ ఇబ్బందే. జీబ్రా చేపలు చురుకైనవి, ఓర్పున్నవి. అవి మన దేశపు వాగుల్లోని చేపలే. వాటిని 1822లో గంగానది చేపల మీద రాసిన పుస్తకంలో ఫ్రాన్సిస్ హామిల్టన్ మొదట వర్ణించాడు. హైదరాబాద్‌లోని సీసీఎంబీలో శాస్త్రవేత్తలు పరిశోధనలకు పెంచుతున్నదీ ఈ చేపనే. ఒంటరిగా ఉంచితే బెదురుతాయి, ఆరు కలిపి వేయాలి.

మరి గోల్డ్‌ఫిష్? అందరూ మొదట కొనేది దాన్నే. నిజానికి కొత్తవాళ్లు చివర కొనాల్సింది అది. సంచిలో రెండంగుళాలున్నదే సరైన చోట అరడుగు దాటి పెరుగుతుంది, అందుకు తగ్గట్టే మురికి చేస్తుంది. రెండడుగుల తొట్టిలో తొమ్మిదంటే, ఒక గదిలో తొమ్మిది కుటుంబాల్ని పెట్టినట్టు. ఇక గుండ్రటి గాజుగిన్నెలో పెంచడం మరీ అన్యాయం. 2005లో రోమ్ నగరం అలాంటి గిన్నెల్లో గోల్డ్‌ఫిష్‌ను ఉంచకూడదని నిషేధమే పెట్టింది. ఇంగ్లండ్‌లో 1956లో ఓ తిరనాళ్ల దుకాణంలో బహుమతిగా వచ్చిన టిష్ అనే గోల్డ్‌ఫిష్ 1999 దాకా బతికి గిన్నిస్ పుస్తకానికెక్కింది. నలభై మూడేళ్లు! మన ఇళ్లలో పన్నెండు రోజులు.

తొట్టి కొనే స్తోమతు లేనివాళ్లకు ఫైటర్ చేప చూపిస్తుంటారు దుకాణాల్లో. అరచేయంత సీసాలో పెట్టి అమ్ముతారు. చేపలబజారులో బేసిన్లో కాసిన్ని నీళ్లలో కొరమీను గంటలకొద్దీ బతికుండటం అందరూ చూసిందే. పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకోగలదు కాబట్టి బతుకుతుంది. ఫైటర్‌దీ అదే విద్య. థాయ్‌లాండ్ ఈ చేపను 2019లో తమ జాతీయ జలచరంగా ప్రకటించుకుంది. గాలి పీల్చగలదు కదా అని సీసా చాలనుకోవడం మాత్రం తప్పు. అమోనియా దాన్నీ కాలుస్తుంది. పది, పదిహేను లీటర్లు, ఓ చిన్న ఫిల్టరు ఇస్తే రెక్కలు విప్పి అసలు అందం చూపిస్తుంది. ఒక తొట్టికి ఒక్క మగచేపే. రెండుంటే యుద్ధమే.

విజయవాడ ఇంట్లో అయిదు గప్పీలతో మొదలుపెట్టారు. మేనమామ ఫోన్లో చెప్పినట్టు సంచిని పావుగంట తొట్టి నీళ్లలో తేలనిచ్చి, మధ్యమధ్య కప్పుడు తొట్టి నీళ్లు సంచిలో పోస్తూ, చివరికి వలతో చేపల్ని మాత్రమే వదిలారు. సంచిలోని నీళ్లు బయటే పారబోశారు. చెరువుల దగ్గర చేపపిల్లల సంచుల్ని నీళ్లలో తేల్చి ఉంచేదీ ఇందుకే. నీటి వేడిలో తేడా ఒక్కసారిగా తగిలితే తట్టుకోలేవు. రెండు వారాలయ్యాక మరో నాలుగు తెచ్చారు. ఒకేసారి అన్నీ తెస్తే ఉన్న బ్యాక్టీరియా చాలదు.

ఆ తరవాతి పనంతా సోమరులకు సరిపోయేంత సులువు. రోజుకు ఒకటి రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేంత మేత. చేప కడుపు సుమారు దాని కన్నంత. తాతయ్య ఓసారి, పిల్లలు ఓసారి, పనమ్మాయి ఓసారి వేస్తే మొదటికే మోసం. ఈ ఇంట్లో మేత డబ్బా నోటుబుక్కు పక్కనే ఉంటుంది, వేసినవాళ్లు టిక్కు పెట్టాలి. నానమ్మ కూడా! వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మాత్రమే మార్చాలి. స్పాంజి మురికిపడితే తీసిన ఆ నీళ్లలోనే పిండాలి తప్ప కుళాయి కింద పెట్టకూడదు. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. బెజవాడ మే నెలలో అది నిజంగా గండమే. నీటిమట్టం కాస్త దించి, పైన ఫ్యాను గాలి తగిలేలా చూడాలి. ఐసు ముక్కలు గుమ్మరించకూడదు. కరెంటు పోతే బ్యాటరీతో నడిచే చిన్న గాలి మోటారు ఆదుకుంటుంది.

గాజుకు పట్టిన నాచు తింటుందని దుకాణాల్లో సక్కర్ చేపను అంటగడతారు. వద్దనడమే మేలు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ రెండంగుళాల చేప అడుగు దాటి పెరుగుతుంది. పెరిగాక తొట్టిలో పట్టదు. పుణ్యమని చెరువులోనో కాలువలోనో వదిలేసేవాళ్లున్నారు. అలా వదిలినవే కృష్ణా, గోదావరి నీళ్లలో పెరిగి ఇప్పుడు జాలర్ల వలల్లో పడుతున్నాయి. మత్స్యకారులు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. గట్టి ముళ్లు చిక్కుకుని వలలు చిరుగుతాయి. పట్టినా కొనేవాడు లేడు.

గప్పీలకు ఆ గొడవ లేదు, ఇంకోటి ఉంది. గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్నే కంటాయి, అదీ సుమారు నెలకోసారి. దుకాణంలో కొన్న ఆడచేప చాలాసార్లు కడుపుతోనే వస్తుంది. విజయవాడ తొట్టిలో వాలిస్నేరియా ఆకుల చాటున ఒక పొద్దున కనురెప్ప వెంట్రుకంత పిల్లలు కనిపించాయి. లెక్కపెడితే పందొమ్మిది. ఇప్పుడవి ఎదిగి చోటు చాలడం లేదు. క్లాసులో ఇద్దరు తమకిమ్మని అడిగారట. ఒకడికి ఆరు చేపలు వెళ్లాయి. రెండోవాడిని 'నీళ్లు పెట్టి ఎన్ని రోజులైంది?' అని అడిగితే 'నిన్ననే' అన్నాడు. వాడికి ప్రస్తుతానికి గుప్పెడు రాళ్లు ఇచ్చి పంపింది.